పది అడుగుల లోపల పాలు

ఉదయం ఐదున్నరకి పాల క్యాన్లు దిగుతాయి. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. కప్పులమ్మ తలుపు తీసి, మూతలెత్తి వాసన చూసి, ఒక చుక్క గోటి మీద వేసుకుని చూసి, అప్పుడు లోపల పెట్టించుకుంటుంది. ఇక ఆ రోజంతా ఇంట్లో ఎవరు ఏం చేసినా ఆ పాల చుట్టూ తిరిగే చెయ్యాలి.

ఆమె స్కూళ్లకి ఐస్‌క్రీమ్ కప్పులు వేస్తుంది. పాలు మరగబెట్టి, పంచదారా పాలపొడీ కలిపి, వెడల్పాటి గిన్నెల్లో చల్లార్చి, కప్పుల్లో పోసి గడ్డకట్టించాలి. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. వీధి మొత్తానికి కప్పులమ్మే.

ఈ పని మొదలుపెట్టి పదిహేడేళ్లయింది. అంతకుముందు భర్త ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కుర్చీలో కూర్చుంటే, చూడ్డానికి వచ్చినవాళ్లందరూ గ్యాస్ అన్నారు. సోడా తాగించారు. ఆయన పోయాక చూస్తే సీసాలో సగం సోడా మిగిలే ఉంది. అప్పటికి కొడుక్కి పద్దెనిమిదేళ్లు.

కొడుక్కి ఛాతీలో మంట ఆ మరుసటి ఏడు మొదలైంది. మంట వచ్చినప్పుడల్లా, పది అడుగుల లోపల ఉన్న పాలు విరుగుతాయి. వేడివైనా, చల్లవైనా, పొడి కలిపినవైనా అంతే. మూత పెట్టినా లాభం లేదు. గడ్డకట్టిన పాలని మాత్రం ఏమీ చెయ్యలేడు.

అతను లిఫ్టు మెకానిక్. వాళ్ల ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టాయన అతను వస్తుంటే గిన్నె పొయ్యి మీద పెట్టేముందు కేకేసి అడుగుతాడు.

"ఏమయ్యా, ఇవాళ కడుపు ఎలా ఉంది?"

బాగుందంటే పాల టీ. బాగోలేదంటే ఆ పూట ఆఫీసు మొత్తానికి నల్ల టీ. ఎవరూ ఏమీ అనరు. పెళ్లిచూపుల్లో కూడా అదే జరిగింది. అమ్మాయి ట్రే పట్టుకుని గుమ్మం దాటేసరికి ఐదు కప్పుల్లోనూ టీ ముద్దలు కట్టింది. ఆ అమ్మాయి ట్రే వంక చూసి, "మీరేనా అది? చెప్తే నిమ్మరసం తెచ్చేదాన్ని కదా," అంది. అలా కోడలైంది. కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది.

చిక్కంతా ఇంటి నిర్మాణంతో. ముందు గదే కప్పులమ్మ పనిగది. వీధిలోంచి ఇంట్లోకి రావాలన్నా, మెట్లెక్కి మేడ మీద గదికి వెళ్లాలన్నా పాల పక్క నుంచే దారి. చాలా ఏళ్లు టైము చూసుకుని నెట్టుకొచ్చారు. ఉదయం పాలు దిగకముందే అతను బయటపడేలా, సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చేలోపు చివరి కప్పు గడ్డకట్టేలా చూసుకునేవాళ్లు. ఏడాది కిందట రెండో స్కూలు ఆర్డరు వచ్చింది. రెండో విడత పాలు సాయంత్రం ఆరింటికి సరిగ్గా గిన్నెల్లో చల్లారుతూ ఉంటాయి.

మొదటి వారంలో మూడుసార్లు విరిగాయి.

పక్కింటి డ్రాయింగు మాస్టారు గోడ మీంచి సలహా ఇచ్చాడు. రిటైరయ్యాక ఆయనకి బొమ్మలకంటే సలహాలే ఎక్కువ వస్తున్నాయి.

"విరిగితే విరిగాయి, వడకట్టి అమ్మెయ్యి చెల్లెమ్మా."

"స్కూలు వాళ్లడిగింది ఐస్‌క్రీమ్ మాస్టారూ. విరుగుడు మీరు తింటానంటే రోజూ గిన్నెడు పంపిస్తా."

నిజంగానే పంపింది. ఎనిమిదోసారికి ఆయన ఖాళీ గిన్నె తనే స్వయంగా తెచ్చిచ్చి, దణ్ణం పెట్టి వెళ్లాడు.

కప్పులమ్మ మందుల షాపుకి వెళ్లి, యాసిడ్ తగ్గించే మాత్రలు ఒక డబ్బా తెచ్చింది. షాపువాళ్లు డాక్టరు చీటీ అడగలేదు, చీటీ లేకుండానే ఇచ్చే రకం. పొద్దున్నే పరగడుపున ఒకటి. మూడో రోజుకి మంట తగ్గింది. గిన్నెల్లో పాలు సాయంత్రం ఆరింటికి అలాగే, నున్నగా, మీగడ కట్టి ఉన్నాయి.

"నేను మాత్ర వేసుకుంటే పాలకి తగ్గుతోందే అమ్మా," అన్నాడు కొడుకు.

"తగ్గింది కదా. వేసుకో."

డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. రెండు వైపులా చీమల్లాంటి అక్షరాలు. కళ్లజోళ్ల షాపులో పని చేసే కోడలున్న ఇంట్లో దాన్ని విప్పి చదివినవాళ్లు లేరు. కప్పులమ్మ దాన్ని ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది.

డబ్బా అయిపోతే ఇంకో డబ్బా వచ్చింది. నాలుగో నెలలో అతను లిఫ్టు పనుల మీద రోజూ ఆలస్యంగా తిని, తిన్నవాడు తిన్నట్టే పడుకోవడంతో మళ్లీ రెండుసార్లు పాలు విరిగాయి. కోడలు తన షాపు పక్కనున్న ఇంకో మందుల షాపు నుంచి వేరే మాత్ర తెచ్చింది. మొదటిది గులాబీ రంగు, ఇది ఊదా రంగు. పేరు వేరు, డబ్బా వేరు. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. దానికి తోడు మధ్యలో మంటనిపిస్తే తాగడానికి తెల్లటి టానిక్ సీసా, పనిముట్ల బ్యాగులో. పాలు మళ్లీ కుదురుకున్నాయి.

ఇంట్లో అందరూ సాయంత్రం ఒకసారి గిన్నెల వంక చూసేవాళ్లు. గిన్నెలు బాగుంటే అంతా బాగున్నట్టే. అతను ఎలా ఉన్నాడని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అలా మొత్తం మీద పదకొండు నెలలు గడిచాయి.

ఒక మంగళవారం కోడలికి జ్వరం వచ్చి షాపుకి వెళ్లలేదు. రెండు రకాల మాత్రలూ నిండుకున్నాయి. కప్పులమ్మ రెండు ఖాళీ రేకులూ పట్టుకుని తమ వీధి చివర షాపుకే వెళ్లింది. ఎప్పుడూ ఉండే కుర్రాళ్లు లేరు. షాపు యజమానురాలే కౌంటరు దగ్గర ఉంది. మందుల చదువు చదివిన మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు చివరికి జారే ఉంటాయి.

ఆమె రెండు రేకులూ వెనక్కి తిప్పి, పక్కపక్కన పెట్టింది.

"ఇవి ఇద్దరివా?"

"ఒకరికేనమ్మా. పొద్దున అది, సాయంత్రం ఇది."

"ఈ రెండూ ఒకటే మందు. కంపెనీలు వేరు, పేర్లు వేరు. లోపలుండేది ఒకటే." వేలితో చూపించింది. "ఇదిగో, ఈ చిన్న అక్షరాలు. ఇక్కడా అదే, ఇక్కడా అదే."

కప్పులమ్మ వంగి చూసింది. కనపడలేదు. నమ్మింది.

"అంటే రెట్టింపు వేసుకుంటున్నాడా?"

"అవును. అసలు ఈ మందు ఎన్నాళ్ల నుంచి?"

"పదకొండు నెలలు."

మందుల షాపావిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఇది పద్నాలుగు రోజుల మందమ్మా. మనంతట మనం కొనుక్కుని వాడితే పద్నాలుగు రోజులే. అప్పటికీ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తున్నా డాక్టరు చూడాలి. ఎవరికిది?"

"పాలకి," అంది కప్పులమ్మ, అలవాటుగా.

"పాలకి మా దగ్గర మందుల్లేవు. మనిషికైతే కొన్ని అడగాలి." ఆమెకీ పాల సంగతి తెలుసు. అదే వీధి. "మింగేటప్పుడు గొంతులో, ఛాతీలో అడ్డం పడుతోందా?"

"లేదనుకుంటా."

"ఒళ్లు తగ్గాడా? వాంతిలో రక్తం గానీ, విరేచనం నల్లగా గానీ?"

"తెలీదు."

"నొప్పి మాత్రలు వాడతాడా? వేరే మందులేమైనా? సిగరెట్లు?"

"సిగరెట్లు కాలుస్తాడు. మిగతావి తెలీదమ్మా."

"మంట ఎప్పుడు వస్తుంది? తిన్నాకా, పడుకుంటేనా? లేకపోతే నడిచినప్పుడూ, మెట్లెక్కినప్పుడూనా?"

కప్పులమ్మ కౌంటరు అద్దం మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. పాల గురించి అడిగి ఉంటే ఏ పూట ఎన్ని లీటర్లో, ఏ గిన్నెలో ఎంత మీగడో చెప్పగలదు.

"నాకు తెలీదు," అంది మళ్లీ.

"సరే. ఈ మాత్ర ఇంక నేనివ్వను. ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఉన్నపళంగా పూర్తిగా మానేస్తే మంట తిరగబడొచ్చు, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. ఇంకోటి." ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "ఛాతీలో బరువుగా ఉండి, అది చేతిలోకో దవడలోకో పాకి, చెమటలు పట్టి, ఊపిరి ఆడనట్టుంటే, టానిక్ పట్టించి చూద్దామనుకోవద్దు. అది యాసిడ్ కాకపోవచ్చు. చాలామంది అక్కడే పొరబడతారు."

కప్పులమ్మకి సగం సోడా సీసా గుర్తొచ్చింది. 

డాక్టరు చూశాడు. పొట్ట నొక్కాడు, గొంతులో లైటు వేశాడు. అడగాల్సినవన్నీ కొడుకునే అడిగాడు. అతను ఒక్కోదానికీ సమాధానం చెప్తుంటే కప్పులమ్మ పక్కన కూర్చుని కొత్త మనిషి గురించి వింటున్నట్టు వింది. మింగడం బాగానే ఉంది. రక్తం లేదు. నొప్పి మాత్రలు నెలకి నాలుగైదు. సిగరెట్లు రోజుకి పది.

"పదేనా?" అంది.

"పన్నెండు," అన్నాడు కొడుకు.

ఊదా రంగుది ఇవాళే మానెయ్యమన్నాడు డాక్టరు. గులాబీది రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తర్వాత అదీ వద్దు. పడుకోవడానికి మూడు గంటల ముందే తినాలి. మంచానికి తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టాలి. సిగరెట్లు మానాలి.

"నాన్నగారు ఉన్నారా?"

"పోయారు. నలభై ఎనిమిదికి," అంది కప్పులమ్మ. "గ్యాస్ అన్నారు."

డాక్టరు కలం ఆపి ఆమె వంక చూశాడు. ఇంకో కాగితం తీసి రక్త పరీక్షలూ, గుండె పరీక్షా రాశాడు. "ఈ వారంలోనే చేయించండి," అన్నాడు. కొడుకు ఆ కాగితం మడిచి పనిముట్ల బ్యాగు జేబులో పెట్టుకున్నాడు. టానిక్ సీసా కూడా ఆ జేబులోనే ఉంటుంది.

వారం దాటింది.

"పరీక్షకి వెళ్లావా?"

"వెళ్తానే. ఆసుపత్రి లిఫ్టుల కాంట్రాక్టు మాకే వచ్చింది. ఎలాగూ అక్కడికే వెళ్లాలి."

అక్కడికి నాలుగుసార్లు వెళ్లాడు. నాలుగుసార్లూ లిఫ్టు చూసి వచ్చాడు.

మాత్రలు ఆగాక మంట తిరిగొచ్చింది. దాంతో పాటు పాలు విరగడమూ. అతను ఇంటికి రాగానే పనిగదిలో పాలు ఒక గిన్నె తర్వాత ఒక గిన్నెలో విరిగిపోయేవి, తెల్లటి ముద్దలూ పచ్చటి నీళ్లూ. రెండు రోజులు అతను గది దాటకుండా బయట నుంచి నిచ్చెన వేసుకుని మేడ ఎక్కాడు. మాస్టారు గోడ దగ్గర కుర్చీ వేసుకుని మరీ చూశాడు.

"ఊరందరికీ లిఫ్టులు, నీకు నిచ్చెనా నాయనా?"

"కరెంటు పోయినా ఆగదు మాస్టారూ ఇది."

నిచ్చెన పనికి రాలేదు. పై గదికీ కింది గిన్నెలకీ మధ్య పది అడుగులు లేవు.

రెండో స్కూలు క్యాంటీనాయన ఫోన్ చేశాడు. "ఇది మూడోసారమ్మా. పిల్లలు కప్పులడుగుతున్నారు, నేనేం చెప్పను? వచ్చే సోమవారం రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటాను."

ఆ సాయంత్రం కొడుకే అన్నాడు. "అమ్మా, ఆ గులాబీది ఒక్కటి వేసుకుంటా. సోమవారం దాకా. ఏమవుతుంది?"

అల్మరా పైఅరలో, డాక్టరు చీటీ మీద కొన్న రేకులో మూడు మాత్రలు మిగిలి ఉన్నాయి. కప్పులమ్మ స్టూలెక్కి రేకు తీసింది. చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. ఒక పక్క నాలుగు గిన్నెలు, ఇంకో పక్క వీడు.

"పరీక్ష చేయించుకురా. ఆ డాక్టరు వేసుకోమంటే వేసుకో," అంది. రేకు కోడలి చేతికిచ్చింది. "ఇది షాపావిడకి ఇచ్చెయ్యి. పారెయ్యడం ఎలాగో ఆవిడకి తెలుస్తుంది."

"మరి స్కూలో అత్తయ్యా?"

"పోతే పోయింది."

పోయింది. సోమవారం మధ్యాహ్నానికి రెండో స్కూలు వేరేవాళ్లని చూసుకుంది. ఉన్న ఒక్క స్కూలుకే పాలు కాస్తూ, విరిగినవి పారబోస్తూ, కప్పులమ్మ నెలా ఐదు రోజులు గడిపింది. మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టింది. ఏడింటికే భోజనం పెట్టింది. రోజూ వచ్చే మంట మూడు రోజులకొకసారికి తగ్గింది. సిగరెట్లు ఐదుకి దిగాయి. పరీక్ష కాగితం మాత్రం బ్యాగు జేబులోనే ఉంది.

ఆదివారం పొద్దున పదింటికి ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే కొడుకు పరిగెత్తాడు. పదకొండున్నరకి తిరిగొచ్చాడు. మర్నాడు స్కూల్లో ఆటల పోటీలున్నాయని కప్పులమ్మ మామూలుకంటే ఎక్కువ పాలు పెట్టుకుంది. ఇరవై లీటర్లు, రెండు గిన్నెల్లో, అప్పుడే పొయ్యి దించినవి.

అతను గుమ్మంలోనే ఆగాడు. బ్యాగు దింపి, గిన్నెల పక్కనున్న మెట్టు మీద కూర్చున్నాడు. మేడ మీదికి వెళ్లలేదు.

"మంటమ్మా," అన్నాడు. "బాగా."

"అయ్యో, మెట్టు మీద కూర్చున్నావేంట్రా, పాలు!" అంది కప్పులమ్మ. అని గిన్నె వైపు వంగింది. గరిటె పెట్టి తిప్పింది. ఎత్తి పోసింది. తెల్లగా, చిక్కగా, సన్నటి ధారగా పడ్డాయి పాలు. రెండో గిన్నె చూసింది. అదీ బాగుంది.

"అమ్మయ్య," అంది. ఆమె మొహం వెలిగింది.

కోడలు మేడ దిగొచ్చింది. "ఏంటి ఇంత చెమట? ఒంటి మీద నీళ్లు పోసుకున్నట్టున్నారు."

"ఎనిమిది అంతస్తులు మెట్లెక్కాను. లిఫ్టు ఆగింది కదా. నీళ్లియ్యి. ఆ టానిక్ కూడా."

కోడలు బ్యాగు జేబులో చెయ్యి పెట్టి టానిక్ సీసా తీసింది. దాంతో పాటు మడత కాగితం కిందపడింది.

గోడ మీంచి మాస్టారు తల కనపడింది. "ఏంటమ్మా హడావుడి?"

"ఈయనకి మంట మాస్టారూ."

"పాలు విరిగాయా?"

"లేదు."

"ఇంకేం మరి! విరగలేదంటే పెద్దగా ఏం లేదన్నమాట. చిన్న వయసు, గ్యాస్ పట్టేసుంటుంది. కాస్త అటూ ఇటూ నడవమను."

"అదే," అన్నాడు కొడుకు. ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. "చూశావా, పాలు కూడా బాగానే ఉన్నాయి. బ్యాగు మోసి మోసి చెయ్యి లాగుతోంది, అంతే. పన్నొకటి సలుపుతోంది."

కప్పులమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. గిన్నెలో మీగడ కడుతోంది. అంచు నుంచి మధ్యకి, ముడత లేకుండా, నెమ్మదిగా.

"ఒరే," అంది. "మంటగా ఉందా, లేదా?"

"ఉందని చెప్తున్నా కదా."

"ఎంత?"

"ఎప్పుడూ ఇంత రాలేదు. ఎవరో మీద కూర్చున్నట్టుంది."

"మరి పాలెందుకు విరగలేదు?"

 మాస్టారు గోడ మీద రెండు చేతులూ ఆనించి గిన్నె వంక చూశాడు. కోడలు మూత తీసిన టానిక్ సీసా పట్టుకుని అలాగే నిలబడింది.

"మాత్ర వేసుకున్నావా? నిజం చెప్పు."

"లేదమ్మా. నువ్వేగా రేకు ఇచ్చేశావు. నెలైంది."

కప్పులమ్మ గరిటె పక్కన పెట్టింది. కోడలి చేతిలోంచి సీసా తీసుకుని బల్ల మీద పెట్టింది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. ఇది మంట కాదు."

"అత్తయ్యా, ఒకసారి ఈ టానిక్ పట్టించి చూస్తే..."

"చెయ్యమన్నానా."

"నేను నడిచి వస్తానే," అన్నాడు కొడుకు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. అప్పటికి అతని పెదాలు గోడకి వేసిన సున్నం రంగులో ఉన్నాయి. మాస్టారు గోడ దూకాడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఎలా దూకాడో తర్వాత ఆయనకే అర్థం కాలేదు. కొడుకు వెనక కూర్చుని తన ఛాతీకి ఆనించుకున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఇంకే సలహా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో అతన్ని చక్రాల మంచం మీద లిఫ్టులోకి తోశారు. తలుపులు మూసుకున్నాయి. అతను కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇది మూడో అంతస్తులో కొంచెం కుదుపుతుంది," అన్నాడు. "గురువారం వచ్చి సరిచేస్తానని చెప్పాను."

"నోర్మూసుకోండి," అంది కోడలు. ఏడుస్తోంది.

మూడో అంతస్తులో కుదిపింది.

గుండెకి వెళ్లే ఒక రక్తనాళం మూసుకుపోయింది. మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి తెరిచారు. రెండు గంటలు పట్టింది. కప్పులమ్మ బయట కుర్చీలో కూర్చుంది. చీర కొంగుకి పాల మరకలున్నాయి. పక్కన కోడలు, ఆ పక్కన కాలు మడతపడి చెప్పులేని మాస్టారు.

గుండె డాక్టరు బయటికొచ్చింది. కప్పులమ్మ కంటే చాలా చిన్నది, కోడలి వయసుండొచ్చు. ఫైలు తెరిచి నిలబడే అడిగింది.

"ఎన్నింటికి మొదలైంది?"

"పదకొండున్నరకి ఇంటికొచ్చాడు. ఎనిమిది అంతస్తులు ఎక్కానన్నాడు. అక్కడే మొదలై ఉంటుంది."

"త్వరగా తెచ్చారు. అందుకే గుండె కండ పెద్దగా పాడవలేదు. ఈ వయసువాళ్లని గ్యాస్ అనుకుని టానిక్కులు పట్టించి సాయంత్రానికి తెస్తారు. మీకెలా అనుమానం వచ్చింది?"

"మంట అన్నాడు. పాలు విరగలేదు."

డాక్టరు తల ఎత్తకుండా రాసుకుంది.

"ఎంత దూరంలో ఉన్నాయి?"

"మూరెడు దూరం."

"ఎన్ని లీటర్లు?"

"ఇరవై."

అదీ రాసుకుంది. కింద సంతకం పెట్టింది.

నాలుగో రోజు ఇంటికి పంపేముందు డాక్టరు మందుల చీటీ తెచ్చి కప్పులమ్మని కూర్చోబెట్టింది. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాలు, కొవ్వుకి ఒకటి. నాలుగోదాని దగ్గర వేలు పెట్టింది.

"ఇది యాసిడ్ తగ్గించేది. ఆ రెండు మందులూ వాడేటప్పుడు కడుపులో రక్తం కారకుండా."

కప్పులమ్మ చీటీ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇప్పుడామె ముక్కు మీద కోడలు తెచ్చిన కళ్లజోడుంది.

"నేనిచ్చిందేనా ఇది?"

"ఆ జాతిదే, అది కాదు. అందులో కొన్ని ఈ గుండె మందు పనిని తగ్గిస్తాయి. ఇది పడుతుందని చూసి రాశాను. షాపులో లేదంటే ఇంకోటి తెచ్చుకోవద్దు, నాకు ఫోన్ చెయ్యండి. ఎప్పుడు ఆపాలో నేనే చెప్తాను."

"ఎన్నాళ్లు?"

"ప్రస్తుతానికి ఏడాది."

కప్పులమ్మ చీటీ మడిచింది.

"అది వేసుకుంటే పాలు విరగవు."

"విరగవు."

"రెండో స్కూలు వాళ్లు మళ్లీ అడుగుతున్నారు. విరగకపోతే నాకు మంచిదే." కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "కానీ మళ్లీ ఇలాంటిదొస్తే నాకెలా తెలుస్తుంది డాక్టరమ్మా?"

"ఛాతీలో బరువు, చెయ్యి, దవడ, చెమట, ఆయాసం. ఏదొచ్చినా పాల వైపు చూడకుండా ఇక్కడికి వచ్చెయ్యండి." డాక్టరు లేచింది. "దేనికైనా ముందు ఆయన్ని అడగండి."

కొడుకు కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కప్పులమ్మ స్టూలు లాక్కుని అతని మొహం కనపడేలా కూర్చుంది. చాలాసేపు చూసింది. కనుబొమ్మ దగ్గర రెండు తెల్ల వెంట్రుకలున్నాయి. ఎప్పుడొచ్చాయో తెలీదు.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?"

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"లేదు."

"నిజం చెప్పు."

అతను కిటికీ వంక చూశాడు. తర్వాత దుప్పట్లోంచి కుడి చెయ్యి బయటికి తీశాడు. మణికట్టు దగ్గర కట్టు కింద, గొట్టం దూర్చిన చోట చర్మం నల్లగా కమిలి ఉంది.

"ఇక్కడ. కొంచెం," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి."

"నర్సుకి చెప్పావా?"

"లేదు."

కప్పులమ్మ ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, కమిలిన చోటు చుట్టూ వేలితో మెల్లగా తడిమి చూసింది. తర్వాత దాన్ని దిండు మీద జాగ్రత్తగా పెట్టి, నర్సుని పిలవడానికి లేచింది.